చార్జిషీటు పడకముందే అడగవలసిన బెయిలు

ప్రశ్న: పనిచేసే దుకాణంలో యజమాని సొమ్ము దొంగిలించాడన్న ఆరోపణపై మా తమ్ముడిని అరెస్టు చేశారు. మేజిస్ట్రేటు రిమాండుకు పంపి నేటికి 66 రోజులైంది. పోలీసులు ఇంకా చార్జిషీటు వేయలేదు. అది పడ్డాక బెయిలు అడుగుదామని మా వకీలుగారు అంటున్నారు. ఆయన ఫీజుకే అప్పు చేశాం. మరొకరిని పెట్టుకునే స్తోమత లేదు. ఆగమంటారా?

జవాబు: ఆగకండమ్మా. ఈ సంచిక మీ చేతికి అందేసరికి చార్జిషీటు పడి ఉండకపోతే, ఆ రోజే బెయిలు పిటిషను వేయించండి.

పనివాడు యజమాని సొమ్మును దొంగిలించడం భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షను కిందికి వస్తుంది. దానికి గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. ఎఫ్‌ఐఆర్‌లో ఇంతకన్నా పెద్ద సెక్షను లేకపోతే, రిమాండు మొదలైన 60 రోజుల్లోగా చార్జిషీటు వేయని పక్షంలో నిందితుడికి బెయిలు పొందే హక్కు వస్తుందని భారతీయ నాగరిక సురక్షా సంహిత 187(3) చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం, 10 ఏళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాలకైతే ఆ గడువు 90 రోజులు. దీన్నే డిఫాల్ట్ బెయిలు అంటారు. ఇందులో నేరం చేశాడా లేదా అన్న చర్చకు తావు లేదు. కోర్టు చూడవలసింది గడువు దాటిందా, చార్జిషీటు పడిందా అన్నదే.

అయితే ఈ హక్కు అడిగినవారికే దక్కుతుంది. మీరు అడగకముందే చార్జిషీటు పడితే 60 రోజులు దాటిన మాట ఇక పనికిరాదు. అడిగిన తర్వాత అదే రోజు చార్జిషీటు వేసినా హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అందుకే పిటిషను దాఖలు చేసిన తేదీతో పాటు వేళ కూడా నమోదయ్యేలా చూసుకోండి. రిమాండు తేదీ, ఆ రోజును కలుపుకొని ఎన్నో రోజు నడుస్తోందన్న లెక్క, జామీను ఇవ్వడానికి సిద్ధమన్న మాట అందులో తప్పనిసరిగా ఉండాలి. రోజులను అరెస్టు నుంచి కాక రిమాండు నుంచి లెక్కించాలి.

జామీనుదారులను ఇప్పుడే చూసి పెట్టుకోండి. బెయిలు మంజూరయ్యాక కోర్టు చెప్పిన గడువులో పూచీకత్తు ఇవ్వలేకపోతే, ఈలోగా చార్జిషీటు పడితే, చేతికొచ్చిన హక్కు చేజారుతుంది. చాలా పేద కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. పూచీకత్తు మొత్తం మీ శక్తికి మించితే వెంటనే తగ్గించమని అడగండి. డబ్బు డిపాజిట్ చేయాలన్న షరతు డిఫాల్ట్ బెయిలుకు పెట్టకూడదని కూడా సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది.

ఖర్చు గురించి దిగులు వద్దు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి ఎఫ్‌ఐఆర్ నకలు, రిమాండు తేదీ తీసుకుని వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మీ తమ్ముడికీ ఈ సంగతి చెప్పండి. జైలు సూపరింటెండెంటు ద్వారా అతడూ న్యాయ సహాయం కోరవచ్చు.

ఒకవేళ చార్జిషీటు ఇప్పటికే పడి ఉంటే మామూలు బెయిలు అడిగే దారి తెరిచే ఉంటుంది. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి, వేరే కేసులేవీ పెండింగులో లేకపోతే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపాక విడుదలకు అర్హుడవుతాడని నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను చెబుతున్నా, మీ తమ్ముడి విషయంలో అది 2 ఏళ్ల 4 నెలలు. దాని కోసం ఎదురుచూడకుండా ఈ వారమే కోర్టుకు వెళ్లండి.