చిన్నబ్బాయికి మీ ఇంట్లో ఓటుందా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాశారు. పెద్దబ్బాయి అమెరికా పౌరుడు, 2024లో ట్రంప్‌కు ఓటేశాడు. చిన్నబ్బాయి అక్కడే హెచ్1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. 2025 సెప్టెంబరులో అతను దసరాకి ఇంటికొచ్చి ఉండగా, కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమంటూ అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. తిరిగి రానిస్తారో లేదోనన్న టెన్షన్‌తో టికెట్ మార్చుకుని పరుగున వెళ్లిపోయాడు. వెళ్లేముందు అన్నని ఫోన్‌లో నిలదీస్తే, "పద్ధతిగా వచ్చినవాళ్లకి భయమెందుకు" అన్నాడట. అప్పటినుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు. "ఇలాంటి ఎన్నికలు చూశాక ప్రజాస్వామ్యం మీద నమ్మకం ఎలా ఉంచుకోవాలి? ఇక నేను మాత్రం ఓటెందుకు వేయాలి?" అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, ఓటు సంగతి ముందే తేల్చేస్తాను. వేయాల్సిందే. 2024 మే 13న మీ ఊళ్లోనూ, ఏరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నంలోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి. 24 ఏళ్లు పాలించి ఓడిన నవీన్ పట్నాయక్, కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి స్వయంగా వచ్చారు. మీ బంధువుల్లోనూ ఓడిన పార్టీవాళ్లు ఉండే ఉంటారు. పెళ్లి పిలుపులు ఆగాయా? ఓడినవాడికి రేపు కూడా చోటుందన్న భరోసా మీదే ఈ ఏర్పాటంతా నిలబడింది.

ఆ భరోసా మీ ఇంట్లో ఉందా అన్నదే నా అనుమానం. "అన్న కదా, నువ్వే సర్దుకో అని చిన్నవాడికి చెప్పాను" అని రాశారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక పెట్టె సర్దుకుంటున్న పిల్లాడితో అన్నమాట అది! ఇదే మొదటిసారి కూడా కాదు. పెద్దవాడి చదువుకి పొలం అమ్మారు, చిన్నవాడు బ్యాంకు లోన్ తెచ్చుకున్నాడు. "వాడేమీ అనలేదు" అంటున్నారు. అతన్ని అడిగిందెవరు? అమెరికాలో అతనికి ఓటు లేదు, అక్కడి చట్టం అంతే. మీ ఇంట్లో ఎందుకు లేదు?

మీరు దీన్ని అన్నదమ్ముల గొడవ అంటున్నారు. చిన్నవాడు నాన్నకి ఫోన్ చేస్తూ మీకు మానేశాడంటే, అతని బాధ అన్నతో కాదు, మీతో.

పెద్దబ్బాయి ఎవరికి ఓటేశాడో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అది అతని హక్కు. కానీ తమ్ముడు భయపడుతుంటే ధైర్యం చెప్పడం అన్నగా అతని బాధ్యత. దానికి ఏ పార్టీ అడ్డం రాదు. పెద్దరికం ఉన్నవాడే ముందు తగ్గాలని నేను గట్టిగా నమ్ముతాను. అమెరికా తొలినాటి అధ్యక్షులు జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఒకప్పుడు మంచి స్నేహితులు. 1800 ఎన్నికలో జెఫర్సన్ చేతిలో ఓడిన ఆడమ్స్, ఆయన ప్రమాణ స్వీకారం రోజున తెల్లవారకముందే వాషింగ్టన్ వదిలి వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి ఎడం పెరిగింది. బెంజమిన్ రష్ అనే స్నేహితుడు ఇద్దరికీ ఓపిగ్గా నచ్చజెబుతూ వచ్చాడు. చివరికి 1812 జనవరి 1న మళ్లీ ఉత్తరం మొదలుపెట్టింది వయసులో పెద్దవాడైన ఆడమ్సే. 1826లో ఇద్దరూ చనిపోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి. రాజకీయాల్లో ఎవరి అభిప్రాయం వారిదిగానే ఉంది. తమ్ముడికి ముందు ఫోన్ చేయాల్సింది నువ్వేనని పెద్దబ్బాయికి మీరు చెప్పండి. ఆ మాట అతనితో మీరు ఇంతవరకూ అనలేదు.

అయితే అది తర్వాత. ముందు చిన్నబ్బాయికి మీరు ఫోన్ చేయండి. అన్న ఊసు, ట్రంప్ ఊసు ఎత్తకండి. ఆ రాత్రి ఎంత భయపడ్డాడో అడగండి. పాత సంగతులన్నీ తవ్వి కోప్పడితే "అది కాదు నాన్నా" అంటూ అడ్డు తగలకండి, పూర్తిగా చెప్పనివ్వండి. మొదటిసారి ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చేయండి. మీ ఆయన్ని మాత్రం మధ్యవర్తిగా పంపొద్దు.