నెత్తళ్ళకు చాలిన ఎండ కానాగంతలకు చాలదు

విశాఖలో డాబా మీద ఇంటి అవసరానికి, వీలైతే కొంత అమ్మకానికి కూడా చేపలు ఎండబెట్టాలనుకుంటున్నారనీ, ఇసుక, వల పరిచిన బల్లలు, ఉప్పు, సోలార్ డ్రయ్యర్ అనే నాలుగింటిలో ఏది మేలో చెప్పమనీ అడిగారు. మాది మంగమారిపేట వైపు తీరంలో ఎండు చేపల పని చేసే కుటుంబం కావడం వల్ల ఈ నాలుగూ చేసి చూశాను. ముందుగా తేల్చుకోవలసింది ఏ చేపను ఎండబెట్టబోతున్నారన్నది. పద్ధతి దాన్నిబట్టే ఉంటుంది.

నెత్తళ్ళు సన్నటివి కాబట్టి మంచి ఎండ కాస్తే ఉప్పు లేకుండానే ఒకటి రెండు రోజుల్లో గలగలలాడుతూ ఎండిపోతాయి. వీటిని ఇసుక మీద పోస్తే ఖర్చేమీ ఉండదు గాని, అడుగుభాగం నేలలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది, ఎంత కడిగినా పంటి కింద ఇసుక తగులుతుంది, పైగా అటువంటి సరుకుకు మంచి ధర రాదు. నడుము ఎత్తున బల్ల కట్టి వల పరిస్తే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. మన ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎండ ఎంత ముఖ్యమో గాలి ఆడడమూ అంతే ముఖ్యం. సాయంత్రం కాగానే చేపలను పోగు చేసి కప్పివేయాలి. లేకపోతే పగలు పోయిన తేమ రాత్రికి తిరిగి చేరుతుంది. అలా పోగులో ఉన్నప్పుడు లోపలి తేమ పైకి వచ్చి, మరునాడు త్వరగా ఆరిపోతుంది కూడా.

కానాగంతలు (మాకరెల్), కవళ్ళు (సార్డిన్) కొవ్వున్న చేపలు. వీటిని ఉప్పు లేకుండా నేరుగా ఎండలో వేయడం నాకు సమ్మతం కాదు. ముఖ్యంగా కానాగంతలు ఉప్పు పడకముందు వేడిలో ఎక్కువసేపు ఉంటే హిస్టమిన్ పుడుతుంది. దద్దుర్లు, తలనొప్పి తెచ్చే ఆ పదార్థం ఎండబెట్టినా, వండినా పోదు. అందుచేత ఇంటికి తెచ్చేదాకా ఐస్‌లో ఉంచి, వెంటనే మొప్పలు, పేగులు తీసి, కడుపు చీల్చి, నాలుగు కిలోల చేపకు కిలో చొప్పున శుభ్రమైన ఉప్పు పట్టించి, తొట్టిలో వరుసలుగా పేర్చి, ఒకటి రెండు రోజులు ఊరనివ్వాలి. తరువాత పైనున్న ఉప్పును కడిగి బల్లల మీద ఆరబెట్టాలి. ఒకసారి వాడిన ఉప్పును మళ్ళీ వాడవద్దు. ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులు చేరి చేప మీద గులాబీ రంగు మచ్చలు వస్తాయి. ఉప్పు కుళ్ళును ఆపుతుంది గాని కొవ్వు చిక్కు వాసన కొట్టడాన్ని ఆపలేదు, కాబట్టి కవళ్ళను ఎక్కువ నెలలు నిల్వ చేయకుండా ముందుగా వాడేసుకోవాలి.

ఈగలు వాలకుండా ఎండు చేపల మీద పురుగుమందు చల్లేవారు కూడా లేకపోలేదు. సన్నటి దోమతెర కప్పితే సరిపోయే పనికి విషం వాడడం క్షమించరానిది.

సోలార్ డ్రయ్యర్‌లో ఈగలు, దుమ్ము, కాకుల బెడద ఉండదు, సరుకు రంగు కూడా నిలుస్తుంది. అయితే వేడి 50 డిగ్రీల లోపే ఉంచాలి. అది దాటితే పైపొర గట్టిపడి లోపల తడి చిక్కుకుపోతుంది, మరీ పెరిగితే చేప ఉడికిపోతుంది. పాలిథిన్ గుడారం వేసుకునేవారు పైన గాలి పోయే కంత వదలకపోతే ఆవిరి చుక్కలై తిరిగి చేపల మీదే పడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల ముసురులో ఎండను మాత్రమే నమ్ముకున్న డ్రయ్యర్ ఎందుకూ పనికిరాదు. కరెంటు గాని గ్యాసు గాని తోడున్నది కావాలి.

మీ డాబాకు ప్రస్తుతానికి వల బల్ల, దోమతెర, ఉప్పు తొట్టి చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం కాబట్టి, అమ్మకానికి చేసే సరుకును మార్చి నెలాఖరుకే సిద్ధం చేసుకోండి. డ్రయ్యర్ కొనాలని గట్టిగా అనుకుంటే, డబ్బు పెట్టేముందు పాండురంగాపురంలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రంలో విచారించండి. ఇటువంటి డ్రయ్యర్లను ఆ సంస్థే రూపొందించింది.