పూల్ నీళ్లు మీరే చూసుకోండి

చి.ల.సౌ. మాధవికి పిన్ని ఆశీస్సులు.

టెక్సస్‌లో మీ ఫ్రిస్కో ఇంటి ఈతకొలనుకి పూల్ సర్వీసు మానిపించి నీళ్లు మేమే చూసుకోగలమా అని అడిగావు. అల్లుడుగారు మాత్రం "మందులతో పని, తేడా వస్తే పిల్లల కళ్లు ఏమవుతాయో" అంటున్నారని రాశావు. ఆయన భయంలో తప్పులేదు. కానీ వారానికొకసారి ఎవరో వచ్చి వెళ్తున్నారు కదా అని ఆ భయాన్ని మర్చిపోవడం తప్పు. మీ పిల్లలు దిగేది శనివారం. సర్వీసు మనిషి వచ్చేది మంగళవారం. మధ్యలో ఆ నీళ్లు ఎలా ఉన్నాయో మీ ఇంట్లో ఎవరికీ తెలియదు.

సర్వీసు మనిషిని నేనేమీ అనడం లేదు. ఎంత పనిమంతుడైనా వారానికొక్క రోజుతో అయ్యే పని కాదిది. జులై ఎండలో ఇక్కడి పూల్ రోజుకు రెండు నుంచి నాలుగు పీపీఎం (పది లక్షల భాగాల నీళ్లలో ఒక భాగం ఉంటే ఒక పీపీఎం) క్లోరిన్ తినేస్తుంది. ఆయన మంగళవారం పోసిన ద్రవ క్లోరిన్ శుక్రవారానికి మిగలదు. అందుకని ఆయన చేసేది ఒకటే: నీళ్లలో తేలే డబ్బాలోనో పైపుకి బిగించిన ఫీడర్‌లోనో మూడంగుళాల బిళ్లలు వేసి వెళ్లిపోతాడు. అవి నెమ్మదిగా కరుగుతూ వారమంతా క్లోరిన్ ఇస్తాయి. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ బిళ్లలు ట్రైక్లోర్‌తో చేసినవి. వాటిలో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. షాపుల్లో దీన్నే స్టెబిలైజర్ అనీ కండిషనర్ అనీ అమ్ముతారు. బిళ్లల నుంచి 10 పీపీఎం క్లోరిన్ వచ్చిందంటే, 6 పీపీఎం స్టెబిలైజర్ కూడా నీళ్లలో చేరినట్టే. రోజుకు 3 చొప్పున లెక్కేసుకో. నెలకు 90 క్లోరిన్, దాని వెంట 54 స్టెబిలైజర్. క్లోరిన్ ఏ రోజుకారోజు ఖర్చైపోతుంది, స్టెబిలైజర్ మాత్రం అక్కడే కూర్చుంటుంది. నీళ్లు ఆవిరైనా అది పోదు. పిల్లలు చిమ్మితేనో, ఫిల్టర్ కడిగినప్పుడో, నీళ్లు తీసేస్తేనో తప్ప పెద్దగా తగ్గదు.

అలాగని స్టెబిలైజర్ చెడ్డదనుకోకు. అది బొత్తిగా లేకపోతే నడినెత్తి ఎండకి గంట తిరిగేసరికి సగానికి పైగా క్లోరిన్ ఎగిరిపోతుంది. అది క్లోరిన్‌ని పట్టి ఉంచి ఎండ నుంచి కాపాడుతుంది. ఎక్కువైతే ఆ పట్టు మరీ బిగిసిపోయి, క్లోరిన్ తన పని తాను చేయలేదు. పరీక్షలో 3 అని కనిపిస్తూనే ఉంటుంది, గోడలకు పాచి పడుతూనే ఉంటుంది. ఆగస్టులో చాలా ఇళ్లలో జరిగేది ఇదే. అప్పుడు బిల్లులో పాచి మందు, ఫాస్ఫేట్ మందు, నీళ్లు తేటపడే మందు, ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. క్లోరిన్ సరిపడా ఉంటే ఫాస్ఫేట్లు ఎంతున్నా పాచికి ఊపిరి ఉండదు. రాగి కలిసిన పాచి మందు పోయనివ్వకు. ప్లాస్టర్ మీద మరకలు పడతాయి, లేత రంగు జుట్టున్న పిల్లలకైతే ఆకుపచ్చ ఛాయ వస్తుంది.

కాబట్టి ముందు నువ్వు కొనాల్సింది మందు కాదు, పరీక్ష కిట్. ముంచి రంగు చూసే కాగితం పట్టీలు వద్దు. 3కీ 5కీ తేడా వాటిలో ఎవరూ చెప్పలేరు. టేలర్ కంపెనీ కె-2006 లాంటి, చుక్కలు లెక్కపెట్టే కిట్ తెప్పించు. నీళ్లలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఆ రంగు పూర్తిగా పోయేదాకా ఒక్కొక్క చుక్కా వేసి కలపాలి. 10 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక్కో చుక్క అర పీపీఎం. పది చుక్కలు పడితే క్లోరిన్ 5 అన్నమాట. తర్వాత ఇంకో ద్రవం ఐదు చుక్కలు వేస్తే, కొన్నిసార్లు మళ్లీ గులాబీ తిరుగుతుంది. అది చెమట, మూత్రం లాంటివాటితో కలిసిపోయి పాడైన క్లోరిన్. అర పీపీఎం దాటకూడదు. హోటల్ పూల్స్‌లో ముక్కుపుటాలదరగొట్టే వాసన, కళ్ల మంట వచ్చేది దీనివల్లే. "క్లోరిన్ ఎక్కువ పోశారు" అంటారు చూడు, చాలాసార్లు సరిపడా పోయకపోవడమే అక్కడ అసలు సంగతి. అల్లుడుగారికి ఈ ముక్క చదివి వినిపించు.

స్టెబిలైజర్ పరీక్ష వేరు. నీళ్లూ మందూ సమంగా కలిపితే తెల్లగా మసకబారుతుంది. దాన్ని సన్నటి గొట్టంలో పోస్తూ అడుగునున్న నల్ల చుక్క కనిపించకుండా పోయిన చోట అంకె చదవాలి. ఆరుబయట, సూర్యుడు నీ వీపు వెనక ఉండేలా నిలబడి, గొట్టాన్ని నడుం ఎత్తులో పట్టుకుని చెయ్యి. కళ్లు చిట్లించి ఇంకా చుక్క ఉందా అని వెతక్కు, మామూలుగా చూస్తే కనిపించకపోతే అంతే. ఇది నెలకొకసారి చాలు.

నీ పూల్‌లో ఎన్ని నీళ్లు పడతాయో తెలియకుండా ఏదీ పోయకూడదు. పొడవు, వెడల్పు, సగటు లోతు అడుగుల్లో గుణించి, దాన్ని ఏడున్నరతో గుణించు. 30 పొడవు, 15 వెడల్పు, నాలుగున్నర లోతు అయితే 15 వేల గాలన్లు దాటుతుంది. వంకర గట్లున్న పూల్ అయితే కాస్త తగ్గించుకో. ఇక గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: పదివేల గాలన్ల నీటికి 10 శాతం ద్రవ క్లోరిన్ ఒక గాలన్ పోస్తే క్లోరిన్ 10 పీపీఎం పెరుగుతుంది. 15 వేలకైతే ఆరున్నర. అంటే నిండు వేసవిలో నీకు రోజుకు అర గాలన్‌కి కాస్త అటూ ఇటూగా పడుతుంది.

స్టెబిలైజర్ 30, 40 మధ్య ఉంచుకో. అప్పుడు క్లోరిన్ 3 కంటే దిగకూడదు. సాయంత్రం పోశాక 5, 6 ఉంటే మర్నాటి ఎండకి తట్టుకుంటుంది. స్టెబిలైజర్ వాడే ఇంటి పూల్‌లో కనీసం 2 ఉండాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అది రోగాలు రాకుండా చూసే లెక్క, పాచికి అంతకంటే కొంచెం ఎక్కువ కావాలి. పొద్దు గుంకాక, పంపు తిరుగుతుండగా, నీళ్లు తోసే రంధ్రం ఎదుట నిలబడి సన్నటి ధారగా పొయ్యి. క్యాన్లు ఒకేసారి డజను కొని గరాజ్‌లో పెట్టకు. టెక్సస్ వేడికి ద్రవ క్లోరిన్ బలం తొందరగా దిగిపోతుంది. రెండు వారాలకు సరిపడా చాలు, కొనేముందు డబ్బా మీది తేదీ చూడు. మీరు ఊరెళ్లే వారం బిళ్లలు వేసి వెళ్లు, అందులో పాపం లేదు. ఏడాది పొడుగునా వాటి మీదే బతకొద్దంటున్నాను.

పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, 7.4కీ 7.8కీ మధ్య ఉంటే వదిలెయ్. మీ స్పా (వేడినీళ్ల తొట్టి) నుంచి పూల్‌లోకి నీళ్లు జారుతూ ఉంటాయి కదా, ఆ చిలకడానికి నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ దానంతటదే పైకి పాకుతుంది. 8కి దగ్గరపడితే మ్యూరియాటిక్ యాసిడ్ పోసి 7.6కి దించు. ఎంత పోయాలో ఫోన్‌లో లెక్క చెప్పే యాప్‌లున్నాయి. అది చెప్పినదాంట్లో సగం పోసి, గంట ఆగి మళ్లీ చూసుకో. క్లోరిన్ 10 దాటి ఉన్నప్పుడు పీహెచ్ పరీక్ష తప్పు చెబుతుంది, అప్పుడు కొలవకు. షాపులో ఆల్కలినిటీ (పీహెచ్ ఊరికే మారిపోకుండా ఆపే గుణం) తక్కువుందని వంటసోడా సంచులు అంటగడతారు. 60, 80 మధ్య ఉంటే చాలు. అది పెంచినకొద్దీ పీహెచ్ ఎగబాకుతుంది, మళ్లీ యాసిడ్ కొనాలి. మీది ప్లాస్టర్ పూల్ కాబట్టి కాల్షియం బాగా తగ్గిపోకూడదు. తగ్గితే ప్లాస్టర్‌ని నీళ్లు కొరుక్కుతింటాయి. 250 నుంచి 400 లోపు సరే. నీటి అంచున టైల్స్ మీద తెల్లటి గార కడుతోందంటే అది ఎక్కువైందని, పీహెచ్ కూడా ఎక్కువలో ఉందని అర్థం.

పాచి పడితే కంగారుపడి నాలుగు సీసాలు కొనకు. స్టెబిలైజర్ ఎంతుందో దాంట్లో 40 శాతం దాకా క్లోరిన్ పెంచు. 40 ఉంటే 16 అన్నమాట. పెంచి వదిలేయకుండా రోజుకు రెండు మూడుసార్లు కొలిచి, తగ్గిన మేరకు పోస్తూ అక్కడే నిలపాలి. గోడలు, మెట్లు, లైటు వెనక సందు, నిచ్చెన మూలలు రోజూ బ్రష్‌తో రుద్దాలి. ఆపడానికి మూడు గుర్తులు: నీళ్లు తేటపడాలి, పాడైన క్లోరిన్ అర పీపీఎం మించకూడదు, రాత్రి కొలిచిన క్లోరిన్ తెల్లవారి ఎండ పడకముందు ఒకటికి మించి తగ్గకూడదు. రాత్రిపూట ఎండ లేదు కాబట్టి, తగ్గిందంటే నీళ్లలో ఇంకా ఏదో బతికి ఉన్నట్టే. ఇదంతా అయ్యేదాకా పిల్లల్ని దించకు. అడుగున ఉన్న డ్రెయిన్ కనిపించని నీళ్లలోకి ఎప్పుడూ ఎవరినీ దించొద్దు.

మన ఇళ్లలో ఇంకొకటుంది, ఏ పూల్ పుస్తకంలోనూ రాయరు. ఆదివారం పొద్దున్నే తలకి కొబ్బరినూనె పట్టించి, అలాగే పూల్‌లోకి దూకేస్తారు. ఆ జిడ్డంతా క్లోరిన్‌ని మింగేస్తుంది, ఫిల్టర్‌ని మూసేస్తుంది. టైల్స్ మీద వేలితో గీస్తే గీత పడేలా అంటుకుంటుంది. పుట్టినరోజు పార్టీ పెట్టినా సరే, చుట్టాలొచ్చినా సరే, ముందు స్నానం చేసి రమ్మని మొహమాటం లేకుండా చెప్పు. విరేచనాలు అవుతున్న పిల్లల్ని ఆ వారం, తగ్గాక ఇంకో రెండు వారాలు రానివ్వకు. క్రిప్టో అనే పరాన్నజీవి సరిగ్గా క్లోరిన్ వేసిన నీళ్లలో కూడా వారానికి పైగా బతుకుతుంది.

పంపు సంగతి. మీది వేగం మార్చుకునే రకమైతే, తక్కువ వేగం మీద ఎక్కువసేపు తిప్పు. వేగం సగానికి తగ్గితే కరెంటు ఇంచుమించు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఫిల్టర్ శుభ్రం చేసిన రోజు గేజి మీద ప్రెజర్ ఎంతుందో మార్కర్‌తో అక్కడే రాసిపెట్టుకో. దానికి పావు వంతు పెరిగితే మళ్లీ కడగాలి. మార్చిలో లైవ్ ఓక్ చెట్లు ఆకు రాలుస్తాయి, వెంటనే పుప్పొడి. ఆ నెల మాత్రం నీళ్ల మీద తేలే చెత్తని పట్టే స్కిమ్మర్ బుట్ట రోజూ ఖాళీ చెయ్యక తప్పదు.

ఇప్పుడు అల్లుడుగారి భయానికి వస్తాను. యాసిడ్, క్లోరిన్ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే వచ్చేది విషవాయువు. రెండూ ఒకే అరలో పెట్టకు, ఒకే కొలగిన్నె వాడకు, ఒకటి పోశాక నీళ్లు కలిసేదాకా అరగంట ఆగి రెండోది పొయ్యి. యాసిడ్ నీళ్లలోకి పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. కళ్లను కాపాడే అద్దాలు, చేతి తొడుగులు వేసుకో, గాలి నీ వెనక నుంచి వీచేలా నిలబడు. ట్రైక్లోర్ బిళ్లలు వేసే డబ్బాలో షాక్ పొడి (క్లోరిన్ ఒక్కసారిగా పెంచే పొడి) పొరపాటున కూడా వేయకు, రెండూ కలిస్తే మండిపోతుంది, పేలనూ వచ్చు. యాసిడ్ ఆవిరికి ఇనుప సామాను తుప్పు పడుతుంది కాబట్టి గరాజ్‌లో వద్దు, బయట నీడలో తాళం వేసిన పెట్టెలో ఉంచు. నిజానికి మందులకన్నా నాకు భయం నీళ్లే. ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా చనిపోయేది మునిగిపోవడం వల్లే. గేటు దానంతటదే మూసుకుని గొళ్లెం పడుతోందా లేదా, ప్రతిసారీ చూడు.

చలికాలంలో సర్వీసు లేకపోతే ఎలా అంటావేమో. 2021 ఫిబ్రవరిలో డాలస్ మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, కరెంటు లేక ఎన్ని ఇళ్లలో పంపులు, పైపులు పగిలాయో. ఉష్ణోగ్రత 32కి దిగితే పంపు ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే పంపు, ఫిల్టర్, హీటర్ కింద ఉండే ప్లగ్గులు విప్పి నీళ్లు వదిలెయ్యాలి. అవి ఎక్కడున్నాయో ఎండాకాలంలోనే అల్లుడుగారికి చూపించు, మంచులో టార్చి పట్టుకుని వెతికేది ఆయనే కదా.

సర్వీసు వాళ్లకి ఇప్పుడే ఏమీ చెప్పకు. ముందు కిట్ తెప్పించి స్టెబిలైజర్ కొలువు. 50 లోపు ఉంటే వచ్చే నెల నుంచి మానిపించెయ్. 100 దాటితే సగం నీళ్లు మారిస్తే అది కూడా సగం అవుతుంది. పూల్ మొత్తం ఒక్కసారి ఖాళీ చేయకు, కింద నేలలో నీళ్లుంటే ఖాళీ పూల్ పైకి లేచిపోయే ప్రమాదం ఉంది. క్లోరిన్ ఉన్న నీళ్లు వీధి కాలువలోకి వదలకూడదు, మీ ఊరి నిబంధన చూసుకుని మురుగు పైపులోకి వదులు. క్లోరిన్, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, స్టెబిలైజర్, ఈ ఐదు అంకెలూ రాసి నాకు పంపు. శనివారం పొద్దున ప్లేనో నుంచి బయల్దేరి వస్తాను, మొదటిసారి యాసిడ్ నేను పక్కనుండగా పోద్దువుగాని.

ఇట్లు,
మీ పిన్ని