పాత ఫోన్‌కి కెర్నల్‌ఎస్‌యూ ఎక్కించే ముందు

చిరంజీవికి బాబాయ్ ఆశీస్సులు.

నీ పోకో ఎఫ్1లో కెర్నల్‌ఎస్‌యూ (ఫోన్ మీద రూట్, అంటే పూర్తి అధికారం ఇచ్చే టూల్) పెడతానంటున్నావట, మీ నాన్న చెప్పాడు. పెట్టొచ్చు. కాకపోతే నీది 4.9 కెర్నల్ (ఆండ్రాయిడ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్). ఆ టూల్ ప్రధానంగా 5.10 నుంచి వచ్చిన జీకేఐ కెర్నళ్ల (గూగుల్ ఉమ్మడిగా ఇచ్చేవి) కోసం పుట్టింది. పాతవాటికి సపోర్ట్ 1.0లో తీసేశారు కాబట్టి కెర్నల్‌ఎస్‌యూ 0.9.5 సోర్సే (దాని కోడే) పట్టుకో, మేనేజర్ యాప్ కూడా అదే వెర్షన్ వేసుకో. దీనికి ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే కెర్నల్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చెయ్యాలి; చేస్తే డేటా మొత్తం పోతుంది, తర్వాత బ్యాంక్ యాప్‌లు మొరాయించవచ్చు. మీ అమ్మ ఫోన్ జోలికి మాత్రం వెళ్లకు.

ముందు ఏ మార్పూ చెయ్యకుండా నీ ఫోన్ కెర్నల్ సోర్సు కంపైల్ చేసి (కోడ్‌ని ఫోన్ నడపగల ఇమేజ్ ఫైల్‌గా మార్చి), దాంతో ఫోన్ లేస్తుందేమో చూడు. ఈ పని ఎగ్గొట్టినవాళ్లే తర్వాత తప్పు సోర్సుదో తమదో తెలీక జుట్టు పీక్కుంటారు. కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్ బూట్ కమాండ్‌తో పరీక్షించు. ఇమేజ్ ర్యామ్‌లోకే వెళ్తుంది, ఫ్లాష్ చేసిన (ఫోన్‌లో శాశ్వతంగా రాసేసిన) టెన్షన్ ఉండదు.

ఆ తర్వాత కెర్నల్‌ఎస్‌యూ కలిపి, కేప్రోబ్స్ (నడుస్తున్న కెర్నల్‌లో కోడ్ తగిలించే సదుపాయం) ఆన్ చేస్తే హుక్‌లు, అంటే కెర్నల్‌ఎస్‌యూ కోడ్‌ని మధ్యలో పిలిచే కొక్కేలు, వాటంతటవే తగులుకోవాలి. పాత కెర్నళ్లలో అది సరిగా పనిచెయ్యక ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండొచ్చు. అలాగైతే కెర్నల్‌ఎస్‌యూ సోర్సులోని కేఎస్‌యూ.సి ఫైల్లో ఎనేబుల్ సుకంపాట్, ఎనేబుల్ కేఎస్‌యూడీ అనే రెండు కాల్స్‌ని కామెంట్ చేసి (పనిచెయ్యకుండా ఆపి) మళ్లీ బిల్డ్ చెయ్యి. ఫోన్ లేచిందంటే అనుమానం కేప్రోబ్స్ మీదే. ఇక కెర్నల్ సోర్సులోని ఎగ్జెక్, ఓపెన్, రీడ్‌రైట్, స్టాట్ ఫైళ్లలో హుక్‌లు చేత్తో పెట్టుకోవాలి.

కెర్నల్‌ఎస్‌యూ గైడ్‌లో చెప్పిన ఫంక్షన్లు (పేరు పెట్టిన కోడ్ ముక్కలు) కొన్ని నీ 4.9లో ఉండవు. డూ ఎఫ్‌యాక్సెస్‌ఎట్ 4.17లో వచ్చింది, కాబట్టి నువ్వు ఎఫ్‌యాక్సెస్‌ఎట్ సిస్టమ్ కాల్ లోపలే రాయాలి. వీఎఫ్ఎస్ స్టాట్‌ఎక్స్ 4.11ది, నీకు దాని బదులు వీఎఫ్ఎస్ ఎఫ్‌స్టాట్‌ఎట్ దొరుకుతుంది. పాత్ యూమౌంట్ 5.9ది, దాన్ని బ్యాక్‌పోర్ట్ చేసుకోవాలి (కొత్త కెర్నల్ నుంచి తెచ్చి పాతదాంట్లో పెట్టుకోవాలి). కెర్నల్ రీడ్‌తో ఇంకా జాగ్రత్త: 4.14లో దాని ఆర్గ్యుమెంట్ల (దానికి అందించే విలువల) వరుస మారింది. పాత కంపైలర్ దాన్ని ఎర్రర్ అనకుండా వార్నింగ్‌తో వదిలేస్తుంది, ఫోన్ మాత్రం క్రాష్ అవుతుంది. వార్నింగులన్నీ చదువు.

అలాగని ఈ అంకెలు పట్టుకుని కోడ్ నిండా వెర్షన్ షరతులు రాసెయ్యకు. ఫోన్ కంపెనీలు, కస్టమ్ రోమ్ (మార్చిన ఆండ్రాయిడ్) తయారుచేసేవాళ్లు కొత్త కెర్నల్ ముక్కలు తెచ్చి పాతదాంట్లో అతికిస్తుంటారు. జాడీ మీద నిరుటి చీటీ, లోపల ఈ ఏటి ఆవకాయ! పాత్ యూమౌంట్ ఎవరో అప్పటికే తెచ్చిపెట్టి ఉంటే, నువ్వు మళ్లీ రాసినప్పుడు రెండు నిర్వచనాలని కంపైలర్ అరుస్తుంది. అందుకే సోర్సులో గ్రెప్ (ఫైళ్లలో పదం వెతికే కమాండ్) కొట్టి, ఆ ఫంక్షన్ నిజంగా ఉందో లేదో, ఏ ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందో చూశాకే రాయి. ఆ వెతుకులాటని మేక్‌ఫైల్లోనే (బిల్డ్ ఎలా చెయ్యాలో చెప్పే ఫైల్లోనే) పెట్టి, దొరికితే ఒక ఫ్లాగ్ పెట్టుకోవచ్చు. కెర్నల్‌ఎస్‌యూ మేక్‌ఫైల్ చూడు, వాళ్లూ కొన్నిచోట్ల అదే చేశారు.

ఫోన్ క్రాష్ అయితే పూర్తిగా ఆఫ్ చెయ్యకు, ర్యామ్‌లో మిగిలిన లాగ్ పోతుంది. బటన్లు నొక్కి నేరుగా రికవరీలోకి రీబూట్ చేసి, పీస్టోర్ ఫోల్డర్‌లో కన్సోల్ ర్యామూప్స్ ఫైల్ (క్రాష్ ముందటి లాగ్) ఉందేమో చూడు. దొరికితే చివరి వంద లైన్లు నాకు పంపు. స్క్రీన్‌కి ఫొటో తీసి కాదు, ఫైలే పంపు.

మీ బాబాయ్