పచ్చీసు, పాచిక, తానికాయ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: దసరాకు ఇంటిల్లిపాదీ కూర్చొని ఆరు గవ్వలతో పచ్చీసు ఆడుతాం. ధర్మరాజు రాజ్యం పోగొట్టుకున్నది ఈ ఆటలోనే అంటారు మా పెద్దలు. నిజమేనా? (హన్మకొండ పాఠకురాలు)

జవాబు: క్యాలెండర్ బొమ్మల్లో, టీవీ సీరియళ్లలో శకుని ముందు పచ్చీసు పటం పరిచి ఉంటుంది గాని, సభాపర్వంలో గళ్ల మీద కాయలు నడిపిన జాడే లేదు. ధర్మరాజు పందెం కాస్తాడు, శకుని పాచిక వేస్తాడు, గెలిచానంటాడు. ఒక్క వేటుకు ఒక్క పందెం తేలిపోతుంది. కాయ పటమంతా తిరిగి పండాలంటే అంత తొందరగా కుదరదు.

అంతకన్నా పాత జూదం తానికాయలది. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో దొరికే తానికాయే, త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో కలిసేది. ఋగ్వేదం పదో మండలం 34వ సూక్తంలో జూదరి మొత్తుకునేది దీని గురించే. ఈ కాయకు ముఖాలుండవు, చుక్కలుండవు. లెక్కపెట్టడమే ఆట. పండితులు ఎక్కువగా ఒప్పుకునే పద్ధతి ఇది: కుప్పలోంచి గుప్పెడు తీసి నాలుగేసి చొప్పున పక్కకు పెట్టాలి. ఏమీ మిగలకుంటే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒకటైతే కలి. 24 కాయలు వస్తే గెలుపు, 25 వస్తే మునిగినట్టే. ఒకటి ఎక్కువైన పాచిక వల్ల ఇల్లాలిని దూరం చేసుకున్నానని ఆ జూదరి ఏడ్చేది అందుకే.

నలుడి కథలో అయోధ్య రాజు ఋతుపర్ణుడు తాని చెట్టు ఆకులూ కాయలూ ఒక్క చూపులో లెక్కగట్టి, నలుడికి అక్షహృదయం, అంటే జూదపు రహస్యం ఉపదేశిస్తాడు. జూదం విద్యకూ చెట్టు కాయలకూ సంబంధమేమిటని చాలామందికి సందేహం. గుప్పెట్లో ఎన్ని ఉన్నాయో చూపుతో పట్టడమే ఆ జూదంలో అసలు విద్య మరి.

పచ్చీసు చరిత్ర గట్టిగా దొరికేది మొగలుల కాలం నుంచి. ఫతేపూర్ సిక్రీ ప్రాంగణంలో నేల మీద పరిచిన పటం ఇప్పటికీ ఉంది. దాని తోబుట్టువు చౌపడ్‌కు గవ్వలుండవు. 1, 2, 5, 6 చుక్కలున్న మూడు పొడుగు పాచికలు వేయాలని అక్బర్ కాలం నాటి గ్రంథం అయిన్-ఎ-అక్బరీ చెబుతుంది. ఇంగ్లండ్‌లో గవ్వలు తీసేసి ఘనపు పాచిక పెట్టి, 1896లో లూడోగా పేటెంట్ తీసుకున్నారు.

ప్రశ్న: మా ఇంట్లో ఒకరు తెచ్చిన గవ్వలతో 25 మాటిమాటికీ పడుతున్నది. మతలబు ఉందా? (జమ్మికుంట పాఠకుడు)

జవాబు: ఉండవచ్చు. ఆరు గవ్వలూ బోర్లా పడితే 25, ఒక్కటి వెల్లకిలా పడితే 10, ఆరూ వెల్లకిలా అయితే 6 అనేది మీ ఇంటి లెక్క అనుకుందాం (ఊరిని బట్టి మారుతుంది). గవ్వ రెండు వైపులా సమానంగా పడేదైతే 25 పడే అవకాశం 64 వేట్లకు ఒకసారి. అదే గవ్వ పదికి ఆరుసార్లు బోర్లా పడేదైతే, సుమారు 21 వేట్లకు ఒకసారి. తేడా చిన్నదే, ఆరు గవ్వలకూ కలిసేసరికి మూడింతలైంది.

గవ్వ వీపు అరగదీసినా, లోపల లక్కో మైనమో నింపినా బరువు మారి ఇలా జరుగుతుంది. ఒక్కో గవ్వను విడిగా, చాప మీద కాకుండా గచ్చు మీద, నూరుసార్లు వేసి చూడండి. 40 నుంచి 60 సార్లు బోర్లా పడితే అనుమానం అక్కర్లేదు. 65 దాటితే ఆ గవ్వ తీసేయండి. అంతకన్నా ముందు వేసే చేతిని గమనించండి. రెండు అరచేతుల్లో గలగలలాడించకుండా, నేలకు ఆనించి జార్చేవాళ్లకు ఏ గవ్వలైనా మాట వింటాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న వేటు చెల్లదని ముందే మాట్లాడుకోండి, లేకుంటే అక్కడే లొల్లి.

ప్రశ్న: పైసలు పెట్టి ఆడితే కేసు అవుతుందా? (పరకాల పాఠకుడు)

జవాబు: నలుగురు తిరిగే చోటో, జూదపు అడ్డాలోనో పైసలు పెట్టి ఆడితే 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసు అవుతుంది. 2017 సవరణతో ఆన్‌లైన్ పందేలూ అందులోకి వచ్చాయి. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1968లో సుప్రీంకోర్టు అన్న మాట, కేసు కాదనడానికి చాలామంది పట్టుకొస్తారు. మూడు ముక్కలాట వట్టి అదృష్టమేనని కూడా అదే తీర్పులో ఉంది.