ఇంటర్ లేకుండా ఓపెన్ డిగ్రీ చేశాను, ఎల్‌ఎల్‌బీ చదవొచ్చా?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. టెన్త్ అవగానే పెళ్లి చేశారు. తర్వాత ఎలిజిబిలిటీ టెస్ట్ రాసి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ పాసయ్యాను. ఇప్పుడు 34 ఏళ్లు, లాయర్ అవ్వాలని ఉంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ సీటు ఇప్పిస్తాం, కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలని ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బులు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండమ్మా, ఒక్క రూపాయి కూడా కట్టకండి. మీ బీఏకి విలువ లేదని కాదు, కానీ లా కోర్సు దగ్గరికొచ్చేసరికి లెక్క వేరు. దేశంలో లా చదువుకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన రూల్స్‌లో 5వ రూల్ కింద ఒక వివరణ ఉంది, ఇంటర్ లాంటి కనీస చదువు లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లకి లా కోర్సుల్లో అడ్మిషన్‌కి అర్హత లేదని. డిస్టెన్స్‌లో చదవడం తప్పు కాదు, మధ్యలో ఇంటర్ మెట్టు లేకపోవడమే ఇబ్బంది. ఎలాగోలా సీటు వచ్చిందే అనుకోండి, మూడేళ్లు చదివాక ఎన్‌రోల్‌మెంట్‌కి, అంటే లాయరుగా పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్తే అక్కడ టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, ఎల్‌ఎల్‌బీ వరసగా పెట్టి పాసైన సంవత్సరాలు చూస్తారు, ఆ వరసలో ఇంటర్ లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది, అప్పుడు ఆ కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు.

మరి దారి లేదా అంటే ఉంది. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టండి, ఓపెన్ ఇంటర్ అయినా రూల్స్ ఒప్పుకుంటాయి. అది పాసై పాత బీఏ మీదే మూడేళ్ల కోర్సులో చేరిపోవచ్చు కదా అంటే వద్దంటాను, ఎందుకంటే బీఏ చేసేనాటికి మీకు ఇంటర్ లేదు కాబట్టి మళ్లీ అదే తకరారు వస్తుంది. ఇంటర్ తర్వాత ఇంకో డిగ్రీ చేసి ఎల్‌ఎల్‌బీ అంటే మూడూ మూడూ ఆరేళ్లు, అదే ఇంటర్ మీద నేరుగా ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ అయితే ఒక ఏడాది కలిసొస్తుంది. నా సలహా ఇదే. ఇంటర్‌లో ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి కాబట్టి ఊరికే పాసైతే చాలనుకోకండి.

34 ఏళ్లని వెనకాడొద్దు, లా కోర్సుల ఎంట్రన్స్ లాసెట్‌కి వయసు అడ్డు కాదు. తెలుగులో కూడా రాయొచ్చు, 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు, అందులో సగం లా ఆప్టిట్యూడే.

కాలేజీ సంగతికొస్తే, బిల్డింగూ బ్రోచరూ చూసి చేరకండి. బార్ కౌన్సిల్ అప్రూవల్ లెటర్ చూపించమనండి, ఏ కోర్సుకి, ఎన్ని సీట్లకి, ఏ సంవత్సరం వరకు ఇచ్చారో చదవండి, మూడేళ్ల కోర్సుకి ఉన్న అప్రూవల్ ఐదేళ్లదానికి పనికిరాదు. చూపించడానికి నసిగితే ఆ కాలేజీ వదిలేయండి. రోజూ ఇంటినుంచి వెళ్లొచ్చేంత దూరంలో ఉండటం కూడా మీకు ముఖ్యం, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలని రూల్, రానక్కర్లేదనే మాట అక్కడే తేలిపోతుంది. హాజరు సంగతి పక్కనపెట్టినా, క్లాసుకి వెళ్లకుండా, మూట్ కోర్టులో, అంటే కాలేజీలో పెట్టే ఉత్తుత్తి కోర్టులో ఒక్కసారి కూడా నిలబడకుండా పట్టా తెచ్చుకున్నవాళ్లు మొదటి వాయిదా అడగడానికే తడబడటం కోర్టులో చూస్తూనే ఉంటాను, మీకా గతి పట్టకూడదు.

ఎల్‌ఎల్‌బీ అయ్యాక ఎన్‌రోల్‌మెంట్, ప్రాక్టీస్ చేయడానికి పాసవ్వాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామ్ ఉంటాయి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది, ఆ పేరుతో ఎవరైనా వేలు అడిగితే నమ్మకండి.

ఇంకొకటి, పెళ్లి తర్వాత బీఏ చేశారు కాబట్టి అందులో అత్తింటి ఇంటిపేరు పడిందేమో చూసుకోండి. ఎన్‌రోల్‌మెంట్‌లో మెమోలన్నీ వరసగా పెట్టి చూస్తారు కాబట్టి ఓపెన్ ఇంటర్ ఫారంలో మాత్రం టెన్త్ మెమోలో ఉన్న పేరే, అదే స్పెల్లింగ్‌తో రాయండి.