గోనెసంచిలో పిల్లి, గ్రూపులో వాయిస్ మెసేజ్

ప్రశ్న: మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా పిల్లిని పెంచుకుంటున్నాం. బర్డ్ ఫ్లూ వార్తలు మొదలవగానే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పిల్లుల ఊపిరితో పిల్లలకు జబ్బు అంటుకుంటోందట, పెంపుడు జంతువులన్నీ అప్పగించాలని ప్రభుత్వం చెప్పిందట. మర్నాడే అసోసియేషన్ తీర్మానం చేసి, 48 గంటల్లో పిల్లిని పంపేయాలని మా తలుపుకి నోటీసు అంటించింది. మూడో రోజు కారిడార్‌లోకి వచ్చిన పిల్లిని వాచ్‌మన్ గోనెసంచిలో కట్టి ఊరి బయట వదిలేశాడు. సెక్రటరీగారు చెప్తేనే చేశానంటున్నాడు. ఆరు రోజులకు అది కుంటుకుంటూ తిరిగొచ్చింది. స్టేషన్‌కి వెళ్తే ‘పిల్లి కేసా’ అని నవ్వారు. ఇంకోటి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ మెసేజ్ మొదట విన్నప్పుడు భయపడి నేనే మా పాప స్కూల్ తల్లుల గ్రూపులో పెట్టాను. నామీద కేసు అవుతుందా?

జవాబు: చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

జనంలో భయం పుట్టించి గొడవలకు దారితీసే పుకార్ల మీద భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 353వ సెక్షన్ ఉంది. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా పంపినవాళ్లకు అందులోనే మినహాయింపు ఇచ్చారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ మాత్రం అంత మెత్తనిది కాదు. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక పుట్టించినా, నలుగురికీ పంపినా, దానివల్ల జనం బెంబేలెత్తితే ఏడాది దాకా జైలు లేదా జరిమానా. 2020 లాక్‌డౌన్ ఆదేశాలు ఈ చట్టం కిందే వచ్చాయి, అంటే అంటువ్యాధి కూడా విపత్తు కిందికి రావచ్చు. మీ మీద ఎవరో కేసు పెడతారని నేననుకోను. అయినా ఈ రోజే అదే గ్రూపులో ‘నేను పెట్టింది తప్పు సమాచారం, ఎవరూ ముందుకు పంపొద్దు’ అని రాయండి. ఊరికే డిలీట్ చేసి ఊరుకోకండి. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆ వాయిస్ ఫైల్ కూడా దాచండి. అసోసియేషన్ దేన్ని పట్టుకుని తీర్మానం చేసిందో చూపడానికి రేపు అదే మీకు సాక్ష్యం.

ఇక ఆ మెసేజ్‌లో నిజమెంత? గోరంత ఉంది. జబ్బు సోకిన పచ్చి కోడిమాంసం తింటే, చచ్చిన పక్షిని కొరికితే పిల్లికి బర్డ్ ఫ్లూ రావచ్చు. పిల్లి నుంచి మనిషికి రావడం మాత్రం చాలా అరుదు. ఇంట్లో ఉడికించిన తిండి తిని, బయట వేటకు వెళ్లని పిల్లి వల్ల పక్క ఫ్లాట్‌వాళ్లకి ప్రమాదం దాదాపు లేనట్టే. కోవిడ్‌లో అయితే చాలాచోట్ల మనుషులే జంతువులకు అంటించారు. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో పులికి 2020లో సోకింది అక్కడి సిబ్బంది నుంచేనని తేల్చారు. మీ సెక్రటరీగారికి ఇది చెప్పినా పెద్దగా ఉపయోగం ఉండదనుకోండి, ఆయన్ని ఒప్పించేది కాగితమే.

ఆ కాగితం సంగతి. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని, మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. శుభ్రత గురించి, లిఫ్టులో జాగ్రత్తల గురించి సంఘం అడగొచ్చు, మీరు పాటించాలి కూడా. ‘పంపేయండి’ అనడానికి వీల్లేదు. మళ్లీ ఒత్తిడి తెస్తే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్, అంటే వాళ్లను ఆపే ఉత్తర్వు, కోరవచ్చు.

పోలీసులు నవ్వడం తప్పే. కానీ ఎఫ్ఐఆర్ కట్టకపోవడానికి మాత్రం కారణం ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం నేరం. బాధ కలిగేలా సంచిలో కుక్కి మోసుకెళ్లడమూ నేరమే. కాకపోతే ఈ రెండూ నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. శిక్ష వింటే మీకూ నవ్వొస్తుంది: మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. అక్షరాలా యాభై. మా కోర్టు బయట జిరాక్సులకే అంతకంటే ఎక్కువవుతుంది. అదే పిల్లి చచ్చిపోయినా, కాలు శాశ్వతంగా పనికిరాకుండా పోయినా న్యాయ సంహిత 325వ సెక్షన్ వస్తుంది. దానికి ఐదేళ్ల దాకా జైలు, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాలి. అందుకే ముందు పశువైద్యుడి దగ్గరకు వెళ్లి ఎక్స్‌రే తీయించండి. గాయం ఏమిటో, ఎన్నాళ్లదో, నయమవుతుందో లేదో రాసి ఇమ్మనండి.

ఆ కాగితంతో మళ్లీ స్టేషన్‌కి వెళ్లండి. 325 వర్తించకపోతే, నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 174వ సెక్షన్ కింద మీ సమాచారం రిజిస్టర్‌లో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపమని అడగండి. ఆలస్యం చేయొద్దు. జంతు హింస చట్టం కింద కోర్టులో కేసు వేయడానికి నేరం జరిగిన నాటి నుంచి గడువు మూడు నెలలే.

ఫిర్యాదులో ఎవరి పేరు రాయాలన్నది నాకు మనసులో మెలిపెట్టే విషయం. నోటీసు రాసింది ఒకరు, గోనె మోసింది ఇంకొకరు. ఇలాంటి కేసులు మామూలుగా మోసినవాడి మెడకే చుట్టుకుంటాయి. వాచ్‌మన్ చేసింది తప్పే. కానీ సెక్రటరీ చెప్పారని అతను మీతో అన్న మాట ఫిర్యాదులో ఉండాలి, తీర్మానం కాపీ జతచేయాలి. కుదిరితే అతనితోనే నిజం చెప్పించండి, అతన్ని సాక్షిగా చూపండి.

రేపు నిజంగానే పశుసంవర్ధక శాఖ అధికారి ఆదేశంతో వస్తే? అప్పుడు లెక్క వేరు. జంతువుల అంటువ్యాధుల నివారణకు 2009లో కేంద్ర చట్టం వచ్చింది. దాని కింద వచ్చే ఆదేశాన్ని అడ్డుకోకండి, సంతకం ఉన్న కాపీ మాత్రం అడిగి తీసుకోండి. ఆదేశం వెనక చట్టం ఉందా అని అడగడం తప్పేమీ కాదు. 2020 నవంబరులో డెన్మార్క్ ప్రభుత్వం కోవిడ్ భయంతో దేశంలో బొచ్చు కోసం పెంచే మింక్ అనే చిన్న జంతువులన్నిటినీ, కోటిన్నరకు పైగా, చంపేయమంది. జబ్బు లేని ప్రాంతాల్లో అలా చెప్పే అధికారం తమకు లేదని తర్వాత ఒప్పుకుంది. వ్యవసాయ మంత్రి రాజీనామా చేశారు.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు. మీ అద్దె అగ్రిమెంట్‌లో జంతువులు పెంచకూడదన్న షరతు ఉందా? ఉంటే అసోసియేషన్ ఓడినా ఇంటి ఓనర్‌తో పేచీ మిగులుతుంది. నాలుగేళ్లుగా ఆయనకు తెలిసీ ఊరుకుని ఉంటే అదీ మీకు ఒక వాదనే. ఆయన పిల్లిని చూసినట్టు తెలిపే మెసేజో ఫొటోనో ఉందేమో ఫోన్‌లో వెతకండి.